పోయిన కష్టాలకు కూడా చరిత్ర ఉంది

మన సీమ పేరు చెబితే ముందుగా అందరి నోటా వచ్చే మాట కరువు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం అనగానే బయటివాళ్ళకు ఎండిన చెరువులు, బెంగళూరుకు వలస బస్సులు గుర్తొస్తాయి. అందులో అబద్ధం లేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు దాటని వాన మనది. 1876–78 నాటి ధాత కరువు ఈ ఊళ్ళను ఎట్లా తుడిచిపెట్టిందో పెద్దలు తరాలుగా చెప్పుకున్నారు.

కానీ చరిత్ర అంటే వచ్చిన కష్టాల లెక్క మాత్రమే కాదు, పోయిన కష్టాల లెక్క కూడా. వచ్చిన కష్టం పెద్దగా అరుస్తుంది. పోయిన కష్టం చప్పుడు చెయ్యదు. అందుకే దాన్ని ఎవరూ రాసిపెట్టరు. మా హాస్టల్ పిల్లలను “నారి కురుపు అంటే ఏమిటో ఎవరికైనా తెలుసా?” అని అడిగితే ఒక్క చెయ్యి కూడా లేవదు. వాళ్ళ అవ్వలకు మాత్రం ఆ పేరు వింటేనే కాలు జివ్వుమంటుంది. పిల్లలకు తెలియకపోవడమే అసలు మంచి వార్త. అయితే ఆ మంచి ఎట్లా వచ్చిందో కూడా తెలియకపోతే, దాన్ని నిలబెట్టుకోవడం చేతకాదు. అందుకే ఈ సంచికలో మన యువతకు మూడు నాలుగు మంచి వార్తల చరిత్ర చెప్పాలనుకున్నాం.

నేరం చెయ్యకుండానే నేరస్థులు

మొదటిది మన పేరు గురించి.

సుగాలీలు (లంబాడాలు, బంజారాలు అన్నా మనమే) రైలు రాక ముందు ఈ దేశానికి సరుకు రవాణా చేసినవాళ్ళు. వందల ఎద్దుల మీద పెరికెలు వేసి, సముద్రపు ఒడ్డు నుంచి ఉప్పు తెచ్చి లోపలి సీమలకు చేర్చి, ఇక్కడి ధాన్యం అక్కడికి మోసేవారు. 1791–92లో టిప్పు సుల్తాను మీదికి శ్రీరంగపట్నం వెళ్ళిన కారన్‌వాలిస్ సైన్యానికి తిండిగింజలు అందించింది కూడా బంజారా ఎద్దుల బిడారులే. ఎరుకలవారిలో ఉప్పు ఎరుకల అనే శాఖ పేరే చెబుతుంది, వాళ్ళు గాడిదల మీద ఉప్పు తిప్పి అమ్మినవాళ్ళని.

1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. ఆ తర్వాత ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసింది, రోడ్లు పడ్డాయి. పందొమ్మిదో శతాబ్దం చివరికి గుంతకల్లు, ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా బెంగళూరుకు రైలు దారి వచ్చింది. రైలు ఒక్క దినంలో మోసేదాన్ని ఎద్దుల బిడారు నెలలో మోయలేదు. తరాల వృత్తి పోయింది. పని లేక తిరిగేవాళ్ళను చూసి ప్రభుత్వం చేసిన ఆలోచన పని చూపించడం కాదు, అనుమానించడం.

1871లో నేరస్థ తెగల చట్టం ఉత్తర భారతంలో మొదలైంది. 1911లో దాన్ని సవరించి మద్రాసు రాజధానికి కూడా వర్తింపజేశారు. అప్పుడు మన జిల్లా మద్రాసు రాజధానిలోనే ఉంది. ఒక తెగ పేరును ఆ జాబితాలో రాశారంటే ఆ తెగలో పుట్టిన మనిషి వేలిముద్ర ఇవ్వాలి, పిలిచినప్పుడు హాజరు చెప్పాలి, ఊరు దాటాలంటే అనుమతి చీటీ తీసుకోవాలి. తాను ఏం చేశాడన్నది ప్రశ్నే కాదు, ఎవరికి పుట్టాడన్నదే నేరం. ఎరుకల, కొరచ కుటుంబాలెన్నో, కొన్నిచోట్ల లంబాడాలు కూడా ఈ చట్టం కింద నలిగారు. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం అట్లాంటి సెటిల్‌మెంటుగానే పుట్టింది.

1947 ఆగస్టు 15న దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. నేరస్థ తెగల చట్టం దేశమంతటా రద్దయింది మాత్రం 1952 ఆగస్టు 31న. అంటే మిగతా దేశం కంటే అయిదేళ్ళ పదహారు రోజులు ఆలస్యంగా ఆ జాబితాలోని జనానికి స్వేచ్ఛ వచ్చిందన్నమాట. అందుకే దేశంలో విముక్త జాతులవాళ్ళు ఆగస్టు 31ని తమ విముక్తి దినంగా జరుపుకుంటారు. 1956 సవరణ చట్టంతో ఆంధ్ర ప్రాంతపు సుగాలి, ఎరుకల, యానాది కులాలు షెడ్యూల్డు తెగల జాబితాలోకి వచ్చాయి. తెలంగాణ లంబాడాలు ఇంకో ఇరవై ఏళ్ళు ఆగాల్సి వచ్చింది, 1976 చట్టం దాకా.

ఒక జాబితాలోంచి పేరు తీసేసి ఇంకో జాబితాలో రాయడం చిన్న పనిలా కనిపిస్తుంది. కానీ మొదటి జాబితా మన తాతలను పోలీసు ఠాణాకు పిలిచింది, రెండో జాబితా మన పిల్లలను బడికి పిలిచింది. దేశం మొత్తం మీద 1961లో గిరిజన స్త్రీలలో చదవడం, రాయడం వచ్చినవాళ్ళు నూటికి ముగ్గురు. 2011 జనాభా లెక్కల నాటికి నూటికి 49 మంది. ఆ పెరుగుదల వెనుక హాస్టళ్ళున్నాయి, స్కాలర్‌షిప్పులున్నాయి. అన్నిటికంటే ముందు, గొర్రెలు కాచే పిల్లను “పోయి చదువుకో పో” అని పంపించిన యాడి ఉంది. తన వేలిముద్ర చూసి సిగ్గుపడి, కూతురు సంతకం చూసి మురిసిపోయిన తరం అది.

అనుమానపు చూపు చట్టంతో పాటు పోలేదు. ఆ చట్టం స్థానంలో వచ్చిన అలవాటు నేరస్థుల చట్టాలు ఇంకా చాలాకాలం మనవాళ్ళను వెంటాడాయి. అయినా, పుట్టుకే నేరమని రాసిన కాగితం ఇప్పుడు లేదు. ఇది మొదటి మంచి వార్త.

నారి కురుపు కథ

రెండోది ఆరోగ్యం గురించి. మందు లేదు, టీకా లేదు. అయినా ఒక రోగాన్ని దేశంలోంచి వెళ్ళగొట్టారంటే నమ్ముతారా? నారి కురుపు విషయంలో జరిగింది అదే.

పాతకాలంలో రాయలసీమ ఊళ్ళకు దిగుడుబావులే దిక్కు. మెట్లు దిగి, కాళ్ళు నీళ్ళలో పెట్టి, కడవ ముంచుకోవాలి. ఊరికి దూరంగా ఉన్న తండాలకు, ఎరుకల గుడిసెలకు అది కూడా దొరక్క కుంటలు, వంకల్లో చెలమలే గతి. ఆ నీళ్ళలో కంటికి సరిగా ఆనని సైక్లాప్స్ అనే నీటి పురుగులుంటాయి. వాటి ఒంట్లో నారి పురుగు పిల్ల ఉంటుంది. నీళ్ళు తాగినవాడి కడుపులోకి అది చేరి, లోపలే పెరిగి, ఏడాది పొద్దుకు రెండు మూడు అడుగుల దారంలా తయారై, కాలి దగ్గర బొబ్బ కట్టి బయటికి వస్తుంది. నారపోగులా ఉంటుంది కాబట్టే ఆ పేరు.

బొబ్బ మంట భరించలేక మనిషి మళ్ళీ ఆ దిగుడుబావిలోనే కాలు పెడతాడు. చల్లటి నీళ్ళు తగలగానే పురుగు వేల పిల్లలను నీటిలో వదులుతుంది. వాటిని సైక్లాప్స్ మింగుతాయి, సైక్లాప్స్‌ను మనిషి తాగుతాడు. చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఈ ఏడు తాగిన నీళ్ళకు వచ్చే ఏడు కురుపు లేస్తుంది కాబట్టి, రోగానికీ నీళ్ళకూ సంబంధం ఉందని జనానికి తోచేది కాదు. పాపమనో, గాలి సోకిందనో అనుకునేవారు. పురుగును చిన్న పుల్లకు చుట్టి దినానికి కొంచెం కొంచెంగా వారాల తరబడి లాగాలి. తెగిందా, కాలు వాచి మంచం పట్టడమే. అదీ సరిగ్గా సేద్యం పనుల వేళకు. కూలికి పోతేనే కూడు దొరికే ఇంట్లో నెల రోజులు మంచం అంటే ఏమిటో మన పెద్దలకు బాగా తెలుసు.

1983–84లో భారత ప్రభుత్వం నారి కురుపు నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టింది. 1984లో లెక్క తీస్తే దేశంలో ఏడు రాష్ట్రాల్లో, 12 వేలకు పైగా ఊళ్ళలో, సుమారు 40 వేల కేసులు తేలాయి. ఆ ఏడింటిలో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. మందు లేదు కాబట్టి ఉన్న దారి ఒకటే: చక్రాన్ని ఎక్కడో ఒకచోట తెంపడం. ఆరోగ్య కార్యకర్తలు ఏడాదిలో పలుమార్లు ఇల్లిల్లూ తిరిగి కేసులు వెతికారు. నీళ్ళను గుడ్డలో వడకట్టి తాగమన్నారు. కురుపున్నవాళ్ళను నీళ్ళలో దిగవద్దన్నారు. సైక్లాప్స్ చచ్చే మందు నీళ్ళలో కలిపారు. దిగుడుబావుల మెట్లు మూసి గోడ కట్టి చేదబావులుగా మార్చారు. చేతిపంపులు వేశారు. చివరి సంవత్సరాల్లో కేసు ఉందని చెప్పినవాళ్ళకు నగదు బహుమతి కూడా ఇచ్చారు.

దేశంలో చివరి కేసు 1996 జూలైలో రాజస్థాన్‌లోని జోధ్‌పూర్ జిల్లాలో కనిపించింది. ఆ తర్వాత మూడేళ్ళకు పైగా కాచుకొని చూసి, 2000 ఫిబ్రవరిలో భారతదేశంలో నారి కురుపు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. ప్రపంచమంతటా 1986లో ఏటా 35 లక్షల మందిని పట్టిన ఈ రోగం 2023లో 14 మందికి మాత్రమే వచ్చింది.

ఇది గెలిచింది ఎవరు? ఢిల్లీలో పథకం రాసినవాళ్ళు కొంత. ఎండలో తండా తండా తిరిగి కాళ్ళు పరీక్షించినవాళ్ళు కొంత. మిగతా గెలుపంతా ఇంట్లో కడవ మూతికి గుడ్డ కట్టిన ఆడవాళ్ళది. వాళ్ళ పేర్లు ఏ శిలాఫలకం మీదా లేవు.

మశూచి, పోలియో కథలు కూడా ఇట్లాంటివే. మన అవ్వలు పెద్దమ్మవారని దండం పెట్టిన మశూచి 1975 తర్వాత దేశంలో కనిపించలేదు. 1995లో మొదలైన పల్స్ పోలియో ఆదివారాల ఫలితంగా 2011 జనవరి తర్వాత దేశంలో సహజ పోలియో కేసు రాలేదు. 2014 మార్చి 27న పోలియో రహిత ధ్రువపత్రం వచ్చింది. ఆ ఆదివారాలు బూత్ దగ్గర కూర్చొని, రాని పిల్లలకోసం తండాలకు నడిచిన అంగన్‌వాడీ అక్కలు మన మధ్యే ఉన్నారు. ఒకసారి పలకరించండి.

నీళ్ళు ఇంటి ముందుకు వచ్చిన తీరు

చేతిపంపు నారి కురుపును ఆపింది కానీ, మన భూగర్భ జలంలో ఇంకో శత్రువు ఉంది. అది ఫ్లోరైడ్. పండ్లకు గారలు, పెద్దయ్యాక వంగిన నడుములు. బోరు ఎంత లోతుకు పోతే అంత ఎక్కువ.

1995లో శ్రీ సత్యసాయి సెంట్రల్ ట్రస్టు పూనుకొని, లార్సెన్ అండ్ టూబ్రో కంపెనీ ద్వారా పనులు చేయించి, సుమారు ఏడాదిన్నరలో ఉమ్మడి అనంతపురం జిల్లాలో 700కు పైగా గ్రామాలకు తాగునీటి పథకం కట్టింది. చిత్రావతి జలాశయం నుంచి, పెన్న ఇసుకలో తవ్విన బావుల నుంచి, తుంగభద్ర కాలువ నుంచి నీళ్ళు తీసి, శుద్ధిచేసి పైపుల్లో పంపారు. కట్టాక ప్రభుత్వానికి అప్పగించారు. 1999లో తపాలా శాఖ ఈ పథకం మీద స్టాంపు కూడా వేసింది.

అన్ని తండాలకూ ఆ నీళ్ళు ఒకేలా అందలేదు, అందినచోట కూడా పైపులకు వయసు వచ్చింది. కానీ తెల్లవారకముందే బిందెతో రెండు మైళ్ళు నడిచే ఆడపిల్ల చాలా ఊళ్ళలో ఆ గంటలను బడికి తెచ్చుకుంది. నీళ్ళు ఆరోగ్యం ఒక్కటే కాదు, ఆడపిల్ల సమయం కూడా. చదువు లెక్కల్లో ఈ పైపులకు కూడా వాటా ఉందని మేము నమ్ముతాం.

కాన్పుల విషయం కూడా చెప్పుకోవాలి. 1969లో అనంతపురం వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు, 2000లో ధర్మవరానికి దగ్గర్లోని బత్తలపల్లిలో ఆస్పత్రి తెరిచింది. 2005లో రాష్ట్రంలో 108 వాహనాలు మొదలయ్యాయి. అదే ఏడు జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో ఆశా కార్యకర్తల పథకం వచ్చింది. మన అమ్మమ్మల కాన్పులు గుడిసెలో, లాంతరు వెలుగులో. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 96కు పైగా కాన్పులు ఆస్పత్రుల్లోనే జరుగుతున్నాయి.

బోడి కొండలు పచ్చబడిన కథ

నాలుగో మంచి వార్త కొండలది.

పెనుకొండకూ ధర్మవరానికీ నడుమ చెన్నేకొత్తపల్లి ఉంది. 1990లో బబ్లూ గంగూలీ, మేరీ వట్టమట్టం మొదలైనవారు అక్కడ టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ పెట్టారు. అప్పటికి చుట్టూ ఉన్న గుట్టలు బోడిగా ఉండేవి. చెట్లు కొట్టేశారు, వేసవి వచ్చిందంటే గడ్డికి నిప్పు పెట్టేవారు, పడిన వాన పడినట్టే మట్టిని కోసుకొని వంకలో పోయేది. కింద చెరువులు పూడిపోయాయి.

1990ల మొదట్లో ముష్టికోవెల మొదలైన ఊళ్ళవాళ్ళు ఆ గుట్టలను కాపాడాలని కూర్చొని మాట్లాడుకున్నారు. వాళ్ళు చేసింది ముఖ్యంగా మొక్కలు నాటడం కాదు, ఆపడం. నిప్పు ఆపారు, నరకడం ఆపారు. వేసవిలో అగ్గి పాకకుండా గడ్డి కోసి బాటలు తీశారు. కాపలా మనుషులను పెట్టుకున్నారు. వంకలకు అడ్డుకట్టలు వేశారు, అక్కడక్కడ విత్తనాలు చల్లారు. మిగతా పని వాన, పక్షులు, మట్టిలో బతికి ఉన్న వేళ్ళు చేసుకున్నాయి. అట్లా 7 వేల ఎకరాలకు పైగా ఉన్న ఆ నేలకు కల్పవల్లి అని పేరు పెట్టుకున్నారు. తర్వాత ఊళ్ళ కమిటీలు కలిసి చెట్లు పెంచేవాళ్ళ సహకార సంఘంగా ఏర్పడ్డాయి.

గుడిసెలకు బోద గడ్డి దొరికింది. బుట్టలకు, చీపుర్లకు ఈత దొరికింది. గొర్రెలకు, ఆవులకు మేత దొరికింది. వాన నీరు గడ్డిలో నిలిచి, మెల్లగా దిగి, కింది చెరువులకు ఊటగా చేరింది. తోడేళ్ళు, నక్కలు, ఎలుగుబంట్లు తిరిగి వచ్చాయి. కల్పవల్లిని కాపాడింది మన కులాలవాళ్ళు మాత్రమే కాదు. గొర్రెల కాపరులు, చిన్న రైతులు, కూలీలు, అన్ని కులాల పేదలూ ఉన్నారు. ఉమ్మడి అనంతపురం జిల్లాలో మనం నూటికి నలుగురం కూడా లేము. మనకు వచ్చిన ఏ మంచీ మన ఒక్కరి వల్ల రాలేదు, పక్కవాళ్ళతో కలిసినప్పుడే వచ్చింది. ఇది కూడా గుర్తుంచుకోవాల్సిన చరిత్రే.

అయితే ఈ కథకు ఇంకో పక్క ఉంది. ఇన్నేళ్ళు అడవి పెరిగినా రెవెన్యూ కాగితాల్లో ఆ నేల పేరు మారలేదు, బంజరు అనే ఉంది. బంజరు అంటే ఎందుకూ పనికిరానిదని అర్థం. 2010 తర్వాత ఆ గుట్టల మీద గాలిమరలు వచ్చాయి. గాలితో కరెంటు మంచిదే, బొగ్గు పొగ కంటే వేయిరెట్లు మేలు. కానీ వాటికోసం వేసిన వెడల్పు రోడ్లు కొండ అంచులను కోశాయి, గడ్డి నేల పోయింది, నీళ్ళ దారులు చెదిరాయి. కాపాడినవాళ్ళు జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్ళాల్సి వచ్చింది.

ఇక్కడ మన మొదటి కథను ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఏ నేరం చెయ్యని మనుషులకు కాగితం మీద ‘నేరస్థులు’ అని పేరు. ఇంతమందిని పోషించే నేలకు కాగితం మీద ‘బంజరు’ అని పేరు. కాగితం మీది పేరు తప్పైతే నిజమైన మనిషికీ, నిజమైన అడవికీ దెబ్బ తగులుతుంది. మన తాతల పేరు సరిచేయడానికి 1952 దాకా పట్టింది. నేలల పేర్లు సరిచేసే పని మీ తరానికి మిగిలింది.

మీ చేతికి వచ్చింది

పిల్లలూ, ఈ నాలుగు కథల్లో కలిసే దారి ఒకటుంది. ప్రతిచోటా ముందు ఎవరో ఒకరు లెక్క తీశారు: ఎన్ని కాళ్ళకు కురుపు, ఎన్ని ఊళ్ళకు నీళ్ళు లేవు, ఎన్ని గుట్టలు బోడి అని. తర్వాత విసుగు లేకుండా ఒకే చిన్న పనిని ఏళ్ళ తరబడి చేశారు: గుడ్డ కట్టడం, అగ్గిబాట తీయడం, పిల్లను బడికి పంపడం. ఆ పైన చట్టమో, ప్రభుత్వమో, దాతో తోడు వచ్చారు. మొదటి రెండూ లేనిచోట మూడోది వచ్చినా నిలవలేదు.

పనులు ఇంకా ఉన్నాయి. పదో తరగతి అయిందో లేదో పెళ్ళి మాటలు వినే ఆడపిల్లలు ఇంకా ఉన్నారు. వేసవిలో ట్యాంకరు కోసం ఎదురుచూసే తండాలు ఇంకా ఉన్నాయి. పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీ వచ్చింది, అందులో ఐటీఐ చదివిన మన పిల్లలు ఎంతమంది ఉన్నారని మనమే లెక్క తీయాలి.

ఈ వేసవి సెలవుల్లో ఒక పని చెయ్యండి. మీ తండాలో, మీ గూడెంలో అందరికంటే పెద్దవాళ్ళ దగ్గర కూర్చోండి. నీళ్ళు ఎక్కడి నుంచి తెచ్చేవారు, ఎవరి కాలికి నారి కురుపు లేచింది, ఇంట్లో మొదట బడికి పోయింది ఎవరు, ఆ గుట్ట మీద ఏ చెట్లుండేవి అని అడగండి. ఫోనులో రికార్డు చెయ్యండి, తారీఖు వేసి నోట్‌బుక్‌లో రాయండి. గోర్ బోలీలో చెబితే గోర్ బోలీలోనే రాయండి, ఎరుకల మాటలో చెబితే ఎరుకల మాటలోనే. వచ్చే ఏటి సంచికకు పంపండి, మా సంఘం తప్పక వేస్తుంది.

మన తాతల గురించి మొదట రాసింది పోలీసు రిజిస్టరు. ఇక మీదట రాయాల్సింది మీరు.